నాగమ్మ కడుపులోని నల్లమచ్చలు

రెండో ప్రపంచ యుద్ధం మొదలైన మరుసటి సంవత్సరం వేసవిలో నన్ను కడప నుంచి కర్నూలు జిల్లా ఆసుపత్రి ఆడవాళ్ళ వార్డుకు బదిలీ చేశారు. హోదా ఉమెన్ సబ్ అసిస్టెంట్ సర్జన్. ఎల్.ఎం.పి. అనే వైద్య డిప్లొమా చదివిన ఆడవాళ్ళకు అప్పట్లో దొరికే ఉద్యోగం అదే. కాన్పులు మేమే చేసేవాళ్ళం. కడుపు కోసే పని మాత్రం జిల్లా మెడికల్ ఆఫీసరుది. ఆయన కత్తి పట్టుకుంటే మేం ఎదురుగా నిలబడి పట్టకార్లు పట్టుకునేవాళ్ళం.

చేరిన కొత్తలోనే కోడుమూరు నుంచి సుంకన్న అనే నేతగాడు భార్య నాగమ్మను బండిలో పడుకోబెట్టి తీసుకొచ్చాడు. ఆమెకు పాతికేళ్ళు దాటి ఉంటాయి. పెళ్ళయి చాలా ఏళ్ళయినా పిల్లలు లేరు. ముట్టు దినాల్లో వచ్చే నొప్పి ఏడాదికేడాది ముదిరి, ఆమెను మగ్గానికి దూరం చేసింది.

"ఆ దినాల్లో మగ్గం గుంటలో కూసోలేనమ్మా. లోపల్నించి ఎవరో నరాలు పట్టి పీకుతాండట్లుంటాది" అంది.

పరీక్ష చేస్తే గర్భసంచికి ఎడమపక్క ఒక గడ్డ, కదలకుండా అతుక్కుని ఉంది. వెనకవైపు గట్టి గుళికలు వేలికి తగిలాయి. మెడికల్ ఆఫీసరు కూడా చూసి, క్షయ కావచ్చు, రాచపుండు (క్యాన్సరు) కావచ్చు అన్నారు. రాచపుండే అయితే గర్భసంచినీ రెండు అండాశయాలనూ తీసెయ్యాలి. ఆ మాట దంపతులకు చెప్పే పని నామీద పడింది.

సుంకన్న అంతా విని, "పిల్లలు లేకపోతే పాయె. మనిషి ఉంటే శాలు" అన్నాడు. వేలిముద్ర వేసి బయటికి వెళ్ళాడు. అతను వెళ్ళాక నాగమ్మ నా చెయ్యి పట్టుకుంది.

"ఆయప్ప మంచోడే. మా అత్త ఊరుకోదు. సంచి తీసేసినారని తెలిస్తే ఇంగోదాన్ని తెచ్చి ఇంట్లో పెడతాది. తీయకుండా ఉండే దోవ ఉంటే చూడమ్మా."

చూస్తామన్నాను గానీ మాట ఇవ్వలేదు. ఇచ్చే స్థితిలో లేను.

ఆపరేషను రోజు ముందుగా గర్భసంచి లోపలి పొరను కొద్దిగా గీకి ఒక సీసాలో వేశాం. తరువాత కడుపు తెరిచారు. ఎడమ అండాశయం ఒక తిత్తిలా ఉబ్బి ఉంది. కదిలించగానే పగిలి, ముదురు బెల్లప్పాకం లాంటి పాత నెత్తురు కారింది. పేగు ఒకటి గర్భసంచి వెనక అతుక్కుపోయింది. చుట్టూ ఉన్న పొరమీద మసి చిలకరించినట్టు నల్లమచ్చలు. మెడికల్ ఆఫీసరు చెయ్యి ఆగిపోయింది. రాచపుండయితే వదిలెయ్యడం ప్రమాదం. మళ్ళీ కోస్తే ఆమె తట్టుకోలేకపోవచ్చు. రాచపుండు కాకపోతే, సంచిని తీసెయ్యడం దిద్దుకోలేని పని. మత్తు ఇచ్చేవాడు నాడి బలహీనపడుతోందని హెచ్చరించాడు. చివరికి ఆ తిత్తిని తీసి, ఒక నల్లమచ్చను ముక్కగా కత్తిరించి రెండో సీసాలో వేసి, మిగతాది అలాగే ఉంచి కుట్లు వేశారు.

కర్నూలులో అటువంటి ముక్కలను పరీక్షించే వసతి లేదు. మద్రాసులోని వైద్య కళాశాల ప్రయోగశాలకు పంపాలి. అక్కడ అడిగే ప్రశ్నలకు జవాబు చెప్పగల మనిషి వెంట ఉండాలని మెడికల్ ఆఫీసరు నన్నే వెళ్ళమన్నారు. నేను బయలుదేరే వేళకు నాగమ్మకు జ్వరం తగిలింది. ఉండిపోతానన్నాను. ఉన్నంత మాత్రాన జ్వరం తగ్గదు, వెళ్తే జబ్బు తెలుస్తుంది అన్నారాయన. గుంతకల్లులో బండి మారి, కడప దాటి, అరక్కోణం మీదుగా మద్రాసు చేరేదాకా ఆ రెండు సీసాలున్న రేకుపెట్టెను ఒళ్ళోంచి దించలేదు.

ముక్కను మైనంలో బిగించి, పలచటి పొరలుగా కోసి, రంగు ఎక్కించి గాజుపలక మీద పరచడానికి కొన్ని రోజులు పడుతుంది. వేపేరిలో మా పిన్నమ్మ ఇంట్లో దిగాను. వీధిలో సైకిలు గంట మోగితే టెలిగ్రాం తెచ్చే తంతివాడేమోనని ఉలిక్కిపడేదాన్ని. కర్నూలు నుంచి తంతి వస్తే అది మంచి కబురై ఉండదు.

రమ్మన్న రోజున ప్రయోగశాలకు వెళ్ళేసరికి అక్కడి సహాయకుడు నల్లమచ్చ ముక్కను సూక్ష్మదర్శినిలో పెట్టి ఉంచాడు. చూశాను. గొట్టాల్లాంటి గ్రంథులు, వాటి గోడల్లో చాలాచోట్ల రెండుగా చీలుతున్న కణాలు. ఇంత జోరుగా పెరుగుతున్నాయంటే తనకు అనుమానంగానే ఉందన్నాడతను.

ఇంతలో వచ్చిన ప్రొఫెసరు గర్భసంచి లోపలి పొరను కూడా పక్కన పెట్టమన్నారు. రెండూ మార్చి మార్చి చాలాసేపు చూశారు. తల ఎత్తకుండానే, "ఈమె చివరిసారి ఎప్పుడు బయటచేరింది?" అని అడిగారు.

మా కాగితాల్లో అది లేదు. కానీ వార్డులో నాగమ్మ నాతో, అమావాస్యకు ముట్టయ్యానని చెప్పింది. ఆపరేషను పున్నమికి ముందే జరిగింది. అదే చెప్పాను.

ఆయన నన్ను కూర్చోబెట్టి వివరించారు. ముట్టు ముగిశాక గర్భసంచి లోపలి పొర మళ్ళీ కట్టుకుంటుంది. ఆ పక్షం రోజుల్లో కణాలు జోరుగా చీలడం సహజం. లోపలి పొరలోనూ మచ్చలోనూ ఒకే రకం కణాలు, ఒకే తీరుగా పెరుగుతున్నాయి. అంటే ఆ మచ్చ రాచపుండు కాదు. ఉండకూడని చోట మొలిచిన గర్భసంచి పొర. నెలనెలా అదీ ఉబ్బి నెత్తురు కారుస్తుంది, ఆ నెత్తురుకు బయటికి దోవ లేదు. దీన్ని ఎండోమెట్రియోసిస్ అంటారని, ఎందుకు వస్తుందో ఇంకా ఎవరికీ తేలలేదని చెప్పారు.

తిరిగి వచ్చేసరికి కుట్టు దగ్గర చీము తీసేశారు, జ్వరం దిగింది. సంచి ఉంది, ఉంటుంది అని నాగమ్మతో చెప్పాను. ఆమె గోడవైపు తిరిగి చాలాసేపు ఏడ్చింది.

నొప్పి తగ్గింది గానీ పోలేదు. పిల్లలు కలగలేదు. సుంకన్న మళ్ళీ పెళ్ళి చేసుకోలేదు. కొన్నేళ్ళకు ఆమె తానే వచ్చింది.

"ఇంగ ఓర్చుకోలేనమ్మా, తీసేయండి. ఆపొద్దు ఒద్దన్నా. ఇప్పుడు నేనే అడుగుతాండా."

తీసేశారు. ఆ తరువాత ఆమె మగ్గం గుంటలో దిగి నేసిందని సుంకన్న చెప్పాడు.

కణాలు పెరుగుతున్నాయన్న మాట ఒక్కదానితో జబ్బు తేలదు. అవి ఏ రోజుల్లో పెరుగుతున్నాయో ఆ మనిషినే అడగాలి. నేను పదవీ విరమణ చేసేదాకా, గర్భసంచి నుంచి తీసిన ఏ ముక్కనైనా చివరి ముట్టు తేదీ రాయకుండా పరీక్షకు పంపనివ్వలేదు.