తెర వెనక దీపం పెట్టిన పాఠం

మొన్న మా బడికి టీవీ వచ్చింది. దాంతో పాఠాలు ఎట్లా చెప్పాలో పది రోజులు నేర్చుకుని వచ్చిన టీచరమ్మ, పసిబిడ్డను ఉయ్యాలలోంచి తీసినట్టు దాన్ని అట్టపెట్టెలోంచి తీసి, "మీ కాలంలో ఇట్లాంటి శిక్షణలు యాడుండె సార్!" అంది. పాపం, అడగకూడని మనిషిని అడిగింది. నేను మొదలుపెడితే ఇంటిబెల్లు కొట్టేదాకా ఆగనని ఆమెకు ఇంకా తెలియదు. ఆమెకు చెప్పిందే ఇక్కడ రాస్తున్నాను, కోతలు కొంచెం తగ్గించి.

మా ఆదోని తాలూకా బళ్లారి జిల్లాను వదిలి కర్నూలు జిల్లాలో చేరిన కొత్త. మా అక్క మొగుడు, నేను ఒకే ఏడు బి.టి. శిక్షణలో ఉన్నాం. బి.ఏ. చదివినవాళ్లను హైస్కూలు టీచర్లుగా మలిచే చదువు అది. నాకు మొదటిసారి, మా బావకు రెండోసారి. అంతకుముందు ఏడు పాఠం చెప్పే పరీక్షలో ఆయన పిల్లలకు వీపు చూపించి గంటసేపు నల్లబోర్డుకే పాఠం చెప్పాడని తప్పించారు. ఎమ్మిగనూరులో వాళ్లది మగ్గాల ఇల్లు. ఆ ఇంట్లో బి.ఏ. చదివిన మొదటి మనిషి ఆయనే. ఈసారీ తప్పితే హైస్కూలు ఉద్యోగం లేనట్టే. వాళ్ల నాయన మాత్రం, "పోతే పోనీలేప్పా, మగ్గం గుంత యాడికీ పోలేదు, నీకోసరం ఖాళీగానే ఉండాది" అని ఓదార్చేవాడు. ఆ ఓదార్పు విన్న పూట మా బావకు ముద్ద దిగేది కాదు.

ఆ ఏడు కొత్తగా, పరీక్ష పాఠం యంత్రంతో చెప్పాలన్నారు. యంత్రమంటే మాయా లాంతరు. రేకు పెట్టె, లోపల పెట్రోమాక్స్ దీపం, ముందర దుర్భిణీకి ఉన్నట్టు ఒక అద్దం. గాజుపలక మీద బొమ్మ గీసి మధ్యలో దూరిస్తే ఎదుటి గుడ్డ మీద ఏనుగంతై పడుతుంది. దాని వేడికి పైన రొట్టె కాల్చుకోవచ్చు. నేను కాల్చాను కూడా. కిరసనాయిలు వాసన తప్ప సజ్జరొట్టెకు వంక లేదు. మా బావకు ఆ పెట్టె మీద వల్లమాలిన ఆసక్తి పుట్టింది. వెలుగు బొమ్మను ఎట్లా మోసుకుపోతుందో చూడాలని గాజుపలక మీద ఒక చీమను వదిలాడు. గోడ మీద అది దున్నపోతంతై తలకిందులుగా నడిచింది. దాన్ని చూస్తూ ఒక పూటంతా అన్నం మాట మరిచిపోయాడు. చీమ ముందే అలిసిపోయింది.

పరీక్ష ఆదోని బడిలో. కిటికీలకు పత్తి బోరాలు కట్టి పట్టపగలే గదిని చీకటి చేశాం. వాళ్ల నాయన నేసిన పల్చని పంచెను తడిపి గదికి అడ్డంగా కట్టాం. తడిసిన గంజి వాసన గదంతా నిండింది. ఇక దీపం ఎక్కడ పెట్టాలి? పిల్లల వెనక పెడితే ప్రతివాడూ వెలుగులో చెయ్యి పెట్టి కుక్కనో కొంగనో ఆడిస్తాడు. అప్పుడు నేనే అన్నాను: "తోలుబొమ్మలాటలో దీపం యాడ పెడతారు బావా? తెర వెనకాల గదా! మనమూ ఆడే నిలబడి పాఠం సెప్తే సరి."

"ఔ రా, నీకూ బుర్ర ఉండాదే!" అని మురిసిపోయాడు.

కొత్త జిల్లా పటం అచ్చులో దొరక్క, ఆయనే గాజుపలక మీద గీశాడు. ఆదోనికి ఎర్రచుక్క, తూర్పున ఎమ్మిగనూరుకు నీలం, పడమర హొళగుందకు పచ్చ. పేర్లు రాయలేదు, నోటితో చెప్పాలని అనుకున్నాడు. ముందు రోజు దీపం పక్కన నిలబడి చూసుకుంటే తూర్పు తూర్పునే, పడమర పడమరనే ఉన్నాయి. తోలుబొమ్మల రాముడు ఏ చేత్తో బాణం వేసినా అడిగేవాడు లేడు. జిల్లా పటం సంగతి వేరని ఇద్దరు పట్టభద్రులకూ తట్టలేదు.

పరీక్షాధికారి కోస్తా పెద్దమనిషి. రైలు ఆలస్యమై, పాఠం మొదలయ్యాక వచ్చాడు. గదికున్న ఒకే తలుపు దీపం పక్కనే ఉండడంతో ఆయన కుర్చీ కూడా అక్కడే వేశాం. కాసేపు విని, తెర అవతలి పిల్లలను తానే అడిగాడు: "పటం చూసి చెప్పండర్రా. ఆదోనికి ఎమ్మిగనూరు ఏ పక్క?"

"పడమర సార్!" అని గదంతా ఒక్క గొంతై అరిచింది. వెంటనే ఒక పిల్ల గొంతు: "అట్లయితే ఇంగ ఎమ్మిగనూరు జాతరకు హొళగుంద మీంద పోవాల్నా సార్?" నవ్వులే నవ్వులు.

ఆయన ముందున్న పటంలో ఎమ్మిగనూరు తూర్పునే వెలుగుతోంది. నొసలు చిట్లించి పుస్తకంలో ఏదో రాసుకున్నాడు. "మీ పాఠానికేం, బాగానే ఉందండీ. ఇంతకుముందు ఈ తరగతికి చెప్పిన మేష్టారెవరో గానీ, పిల్లలకు దిక్కులైనా నేర్పలేదు" అన్నాడు.

మా బావ తెర పక్కగా అటు వెళ్లి, పటం కుడి ఎడమై తిరగబడి ఉండడం చూసి, సున్నం కొట్టినట్టున్న ముఖంతో తిరిగొచ్చాడు. నేను ఆయన పంచె పట్టి లాగి, "ఊరుకో బావా, ఆయప్పకు తెలీలేదు" అని గొణిగాను. చెయ్యి విదిలించుకున్నాడు. "తప్పు పిల్లోళ్లది కాదు సార్, నాది. మీరొక్కసారి తెర అవతలికి పోయి చూడండి."

పెద్దమనిషి లేచి తెర దాటి, పిల్లల మధ్య నేల మీద కూర్చున్నాడు. పెట్రోమాక్స్ బుస ఒకటే వినబడుతోంది. అప్పుడు తెర అవతల ఎవరో పొట్ట చెక్కలయ్యేలా నవ్వడం మొదలుపెట్టారు. ఆ నవ్వు పిల్లలది కాదు.

"పలక తిప్పి పెట్టండి మేష్టారూ!"

మసిగుడ్డ వెతికే ఓపిక లేక మా బావ వట్టి వేళ్లతోనే ఆ గాజును లాగి తిప్పాడు. రెండు వేళ్లు బొబ్బలెక్కాయి. పాఠం ముగిసేదాకా పరీక్షాధికారి తన కుర్చీకి తిరిగి రాలేదు. వెళ్లేటప్పుడు పుస్తకంలో రాసుకున్న ముక్క రబ్బరుతో చెరిపి, "మీకు పాఠం చెప్పడం వచ్చు, దీపం పెట్టడం రాదు. దీపం నేర్చుకోవచ్చులెండి" అన్నాడు.

మా బావ గట్టెక్కాడు. ఉద్యోగంలో ఉన్నన్నాళ్లూ ప్రతి పాఠం మధ్యలో ఒకసారి వెనక బెంచీలోకి పోయి కూర్చుని, తన బోర్డును తానే చూసుకుని వచ్చేవాడు. దీపం అక్కడ పెట్టమన్నది నా సలహా అని ఆ రోజు పెద్దమనిషికి చెప్పడానికి నాకు నోరు రాలేదు. బావ కూడా చెప్పలేదు, చివరిదాకా ఎవరికీ చెప్పలేదు. ఇప్పుడు నేనే చెప్పుకుందామంటే ఆ ఇద్దరూ లేరు. తప్పు ఒప్పుకునే ధైర్యం మనకు ఇచ్చే కాలమే, అది వినవలసినవాళ్లను ముందుగా తీసుకుపోతుంది.