జయంతి ఇంట్లో బట్టల గుట్ట

కొత్తగూడ ఫ్లైఓవర్ పక్క అపార్ట్‌మెంటులో జయంతి అంటే "ఎవరు, ఆ ఇస్త్రీ ఆమెనా?" అనేవారు. మొగుడి చొక్కాలు, కూతురి కాలేజీ బట్టలు ఇస్త్రీ చేస్తే ఎవరూ పేరు పెట్టరు. జయంతి బనియన్లకు కూడా చేసేది. దిండు గలీబులకు, చేతిరుమాళ్లకు, చివరికి వేడి గిన్నెలు దించుకునే మసిగుడ్డలకు కూడా చేసేది. భర్త సురేష్ రాత్రి పడుకునే ముందు కట్టుకునే లుంగీకి కత్తిలాంటి మడత ఉండేది. ఆ మడత మీదే ఆయన తెల్లారేదాకా పొర్లేవాడు.

దీనికంతటికీ మూలం పెళ్లిచూపులు. సిద్దిపేటలో వాళ్లింటికొచ్చిన కాబోయే అత్తగారు రాజమ్మ చాయ్ తాగుతూ, "మా సురేష్ ఇస్త్రీ అంగి లేంది గడప దాటడు" అన్నది. జయంతి ఆ మాటను పుస్తెలతాడుతో పాటు మెడలో వేసుకుంది.

వాళ్ల సందు చివర ఇస్త్రీ షాపు లేకపోలేదు. సురేష్ ఒప్పుకునేవాడు కాదు. "బయటోళ్లు కాలర్ ఖరాబ్ చేస్తరు. నీ చెయ్యి పడితేనే ఆఫీసుల నాకు ఇజ్జత్" అనేవాడు. ఫైనాన్షియల్ డిస్ట్రిక్ట్‌లో పెద్ద కంపెనీలో టీమ్ లీడ్ అంతటివాడు అట్లా అంటే ఏ ఆడది కరగదు? జయంతి ఇస్త్రీ పెట్టెకన్నా ముందు తనే వేడెక్కేది.

చిన్న గదిలో చుట్టాల కోసం వేసిన మంచం మీద బట్టల గుట్ట ఉండేది. చుట్టాలొస్తే గుట్ట హాల్లో సోఫా మీదికి పోయేది. సోఫాలో కూర్చునేవాళ్లొస్తే మళ్లీ మంచం ఎక్కేది. ఆదివారమంతా నిలబడి సగానికి తెస్తే, వారం తిరక్కముందే యథాస్థానం. ఎంత చేసినా ఎందుకు తరగదో ఆమెకు చాలాకాలం అంతుపట్టలేదు.

ఆషాఢంలో ఒకనాడు గుట్టలో కూతురు కృష్ణప్రియ పట్టు ఓణీ దొరికింది. బోనాలు ఇంకా రాలేదు, పెళ్లీ లేదు.

"ఇది ఎప్పుడు కట్టినవే?" అని అడిగింది.

"కట్టలే మమ్మీ. అద్దం ముంగట ఏసుకొని చూసిన. మళ్ల మడత పెట్టాలంటే బోర్ కదా, బుట్టల పడేసిన."

"మరి ఈ టాపులు?"

"అవి గూడ ట్రై చేసినయే."

అంటే తను ఇన్నాళ్లూ ఎవరూ తొడగని బట్టలను ఉతికి, ఆరేసి, ఇస్త్రీ చేసి, మళ్లీ ఉతుకుతున్నదన్నమాట. సురేష్ తక్కువ తినలేదు. ఇంట్లో కూర్చుని పనిచేసే రోజుల్లో మీటింగుకొక చొక్కా మార్చేవాడు. అడిగితే, "పొద్దటి క్లయింటుకు, రాత్రి క్లయింటుకు ఒకటే అంగీల కనపడితే ఏమనుకుంటరు?" అన్నాడు. ఆ క్లయింట్లలో ఒకరు సింగపూర్‌లో, ఇంకొకరు చికాగోలో ఉంటారు. వాళ్లిద్దరూ ఎక్కడో కలుసుకుని సురేష్ చొక్కా గురించి మాట్లాడుకునే యోగం లేదని జయంతి అనలేదు. ప్లగ్గు పెట్టి పని మొదలుపెట్టింది.

కార్తీకం వచ్చేసరికి ఆమె కుడి భుజం మొరాయించింది. జడ వేసుకోవడానికి చెయ్యి లేవలేదు. దవాఖానకు వెళితే డాక్టరమ్మ చెయ్యి అటూ ఇటూ తిప్పి చూసి, "ఏం పని చేస్తరమ్మా?" అని అడిగింది.

"ఏం లేదు మేడం, ఇంట్లనే ఉంట" అన్నది జయంతి.

పక్కన కూర్చున్న సురేష్, "ఇస్త్రీ బాగ చేస్తది" అని కితాబిచ్చాడు.

"భుజం పట్టేసింది. తగ్గేదాక ఇస్త్రీ పెట్టె ముట్టొద్దు."

సురేష్ మొహం పాలిపోయింది. "ఎన్ని రోజులు మేడం? వచ్చే వారం మాకు క్లయింట్ విజిట్ ఉంది."

డాక్టరమ్మ అతనివైపు ఒకసారి చూసి మందులు రాసిచ్చింది.

ఇంక గతిలేక సురేష్ ఇస్త్రీ కాని తన చొక్కాలన్నీ పెద్ద సంచిలో వేసి, ఆఫీసుకు పోతూ షాపులో ఇస్తానని కారు డిక్కీలో పెట్టాడు. పోయేటప్పుడు షాపు తెరిచి ఉండదు, వచ్చేటప్పుడు ఆయనకు గుర్తుండదు. ఆ సంచి ఉద్యోగస్తుడిలా రోజూ ఫైనాన్షియల్ డిస్ట్రిక్ట్‌కు పోయి, ట్రాఫిక్‌లో అలసి ఇంటికొచ్చేది. క్లయింట్లు దిగిననాడు సురేష్ ఆ సంచిలోంచే ఒక చొక్కా లాగి, దులిపి, దేవుడికి దండం పెట్టుకుని బయల్దేరాడు.

సాయంత్రం ఈల వేస్తూ వచ్చాడు.

"ఫికర్ వద్దు జయంతీ! ఒక్కరు గూడ ఏమన్లే. మా మేనేజరైతే 'ముడతలుండే లినెన్ షర్టా, మంచిగుంది, యాడ కొన్నవ్?' అనడిగిండు."

జయంతి మంచం మీద భుజానికి వేడినీళ్ల సంచి పెట్టుకుని కూర్చుని ఉంది. "మరి ఇన్నేండ్ల సంది నేను చేసిన ఇస్త్రీ చూసి ఎవరన్న ఏమన్న అన్నరా?"

"ఎవరంటరు? ఎవని ఫోన్ల వాడుంటడు" అని, తనేం మాట్లాడాడో తెలియకుండానే సురేష్ స్నానానికి పోయాడు.

ఆ వారంలోనే వండిపెట్టడానికి రాజమ్మ వచ్చింది. గుట్ట వెనక గోడ కనిపించక బిత్తరపోయింది. "ఇదేంది బిడ్డా, దుకాణం పెట్టినవా?"

"మీరే గద అత్తమ్మా, సురేష్ ఇస్త్రీ అంగి లేంది గడప దాటడని పెండ్లిచూపులల్ల చెప్పిన్రు?"

రాజమ్మ ముక్కుమీద వేలేసుకుంది. "నేనన్ననా? యాదికి లేదు. అయినా పిల్లగాని గురించి ఏదో ఒక గొప్ప చెప్పాలె గద! అప్పటికి వాని నౌకరి గూడ పక్కా కాకపాయె, ఇంకేం చెప్పాలె? వాడు కాలేజీకి పరుపు కింద ఒత్తిన పాయింటు ఏస్కొని పోయెటోడు. నువ్వు నిజమనుకున్నవా తల్లీ?"

జయంతికి నవ్వాగలేదు. నవ్వుతుంటే భుజం కలుక్కుమంది, అయినా నవ్వింది. తర్వాత ఎడమచేత్తోనే పని మొదలుపెట్టింది. సాయంత్రానికి సురేష్ బట్టలు సురేష్ పడుకునే చోట, కృష్ణప్రియ బట్టలు ఆ పిల్ల మంచం మీద చేరాయి. ఇద్దరికీ ఒకేసారి చెప్పింది.

"ఇగ ఎవరి గుట్ట వాళ్లది. మీరే చేస్కుంటరో, షాపుకిస్తరో, గట్లనే తొడుక్కుంటరో మీ ఇష్టం."

"నీ చెయ్యి మంచిగయ్యేదాకనే గద?" అన్నాడు సురేష్ ఆశగా.

"మంచిగైనంక గూడ గంతే."

రాజమ్మ వంటింట్లోంచి "మంచిగ చెప్పినవ్" అన్నది.

పడుకోవడానికి చోటు కావాలి కనక కృష్ణప్రియ సగం బట్టలను ఇస్త్రీ లేకుండానే బీరువాలోకి పంపింది. అద్దం ముందు సరదా కూడా కొంత తగ్గింది. సురేష్ మాత్రం వీడియోలు చూసి రంగంలోకి దిగాడు. మొట్టమొదట కంపెనీ పండక్కి ఇచ్చిన టీషర్టు పట్టుకున్నాడు. 'మనమంతా ఒకే కుటుంబం' అని దానిమీద ఇంగ్లీషులో పెద్ద రబ్బరు అక్షరాలున్నాయి. పెట్టె ఎత్తేసరికి కుటుంబం మొత్తం పెట్టెకు అంటుకుని వచ్చేసింది. పోనుపోను నేర్చుకున్నాడు. మీటింగు కెమెరాలో వెనక భాగం కనపడదు కనక చొక్కా ముందువైపు మాత్రమే చేసుకునే తెలివి కూడా సంపాదించాడు. తను ఇస్త్రీ చేస్తున్న సంగతి ఆఫీసు క్యాంటీన్‌లో తెలియనివారు లేరు. అదే పని జయంతి చేసినన్నాళ్లూ అక్కడ ఆమె పేరు కూడా ఎవరికీ తెలియదు.

ఫలితంగా మార్చిలో మహిళా దినోత్సవానికి 'ఇంటిపనిలో సగం మనది' అని మాట్లాడమని హెచ్‌ఆర్ వాళ్లు సురేష్‌నే పిలిచారు. ఆ పొద్దున తెల్లచొక్కా చేత్తో పట్టుకుని జయంతి దగ్గరికొచ్చాడు.

"జర ఈ ఒక్కటి చేసిపెట్టవా? స్టేజి మీద నిలబడాలె. నాకు కాలర్ సక్కగ వస్తలేదు."

భుజం నయమై జయంతి అప్పటికి కారు నేర్చుకుంటోంది. కింద డ్రైవింగ్ స్కూల్ కారు హారన్ కొడుతోంది. ఆమె చొక్కా అందుకోలేదు.

"కాలర్ లోపలి దిక్కు ముందుగాల చెయ్యాలె. కొసల నుంచి నడుమకు రండి. చేస్తే అదే వస్తది" అని చెప్పులేసుకుంది.

"మహిళా దినోత్సవం నాడన్న సాయం చెయ్యవా?" అన్నాడు సురేష్, నిజంగానే నొచ్చుకుని.

"మీరు సగం గురించే మాట్లాడేది గద, ముందటి సగం చేస్కోండి సరిపోతది" అని జయంతి మెట్లు దిగింది.