తఫీదా మొక్కు

ఉపవాస కాలం వచ్చిందంటే తఫీదాకు ప్రాణం కుదుటపడేది. క్రిస్మస్‌కు ముందు వచ్చే ఆ పొడవాటి ఉపవాసంలో ఈజిప్టు క్రైస్తవులైన కాప్టుల ఇళ్ళలో మాంసం ఉండదు, పాలూ గుడ్లూ ఉండవు, నెయ్యి వాసన కూడా రాదు. కైరోలో, ఆ షుబ్రా సందుల్లో, ఉన్నవాళ్ళూ లేనివాళ్ళూ అందరూ ఫూల్ అనే చిక్కుడు గింజలే ఉడకబెట్టుకుంటారు. మిగతా ఏడాదంతా తఫీదా పొయ్యి మీద ఆ గింజలు ఉడికితే అది లేమి. ఈ నెలన్నరలో ఉడికితే భక్తి. గతిలేనమ్మకు గంజే పానకం అంటారు కదా, ఆ పానకానికి దేవుడి పేరు కూడా తోడైతే ఇంక అడిగేవాళ్ళెవరు?

ఆమె భర్త అదీబ్ పుస్తకాలకు అట్టలు కట్టే పనివాడు. ఆ ఏడు ఎండాకాలం నుంచీ యజమాని వారానికి సగం రోజులే పనికి రమ్మంటున్నాడు. పాపం, నోట్లో నాలుక లేని మనిషి. పని లేని రోజున కూడా పొద్దున్నే గడ్డం గీసుకుని, చొక్కా గుండీలు పెట్టుకుని, కుర్చీలో కూర్చునేవాడు. ఇల్లు నడపడం తఫీదా వంతు. సంత కట్టేసే వేళకు వెళ్ళి, బండివాడు సరుకు సర్దుకుంటుంటే, కింద మిగిలిన మెత్తటి టమాటాలు బేరమాడి తెచ్చేది. గింజలు ఒక పొంగు రాగానే గ్యాసు ఆపేసి, కుండను అదీబ్ పాత కోటులో చుట్టిపెట్టేది. తెల్లారేసరికి వాటంతటవే మెత్తబడేవి. ఆ కోటు చలి నుంచి అదీబ్‌ను కాచిన దానికన్నా ఆ కుండను కాచిందే ఎక్కువ. అలమర మీద ఒక కాఫీ డబ్బా ఉండేది. పండగ రోజున కూతురు యుస్తీనా ముందు ఒక్క పూటైనా మాంసం పెట్టడానికి అందులో కాస్త కాస్త వేస్తూ వచ్చింది. ప్రాణం మీదికొచ్చినా ఆ డబ్బా తెరవకూడదని ఒట్టు.

ఇదంతా ఇంటి నాలుగు గోడల మధ్యే ఉండాలన్నది తఫీదా పంతం. ఆమె తండ్రి ఒకప్పుడు ఇదే పేటలో బట్టల దుకాణం నడిపాడు. చర్చిలో పేదలను 'ప్రభువు తమ్ముళ్ళు' అంటారు. పండగకు వాళ్ళకిచ్చే సరుకుల సంచులు చిన్నప్పుడు తన చేత్తో కట్టింది తఫీదా. ఆ సంచి ఇప్పుడు తన గుమ్మానికి వస్తే ఆ రోజే చచ్చిపోవాలని అనుకునేది.

ఎదురింట్లో అష్రఫ్ తల్లి ఉండేది. ఉమ్ అష్రఫ్ అనే పిలిచేవారంతా. భర్త పోయాడు, కొడుకు పెళ్ళి చేసుకుని ఇంబాబా పేటలో వేరు కాపురం పెట్టాడు. ఆవిడ ముస్లిం, వీళ్ళు క్రైస్తవులు. అయినా ఏళ్ళ తరబడి రెండు గుమ్మాల మధ్య పళ్ళేలు తిరిగి తిరిగి, ఏది ఎవరిదో వాటికే గుర్తులేకుండా పోయింది. రంజాన్ పండగకు ఆవిడ ఇంట్లో, క్రిస్మస్‌కు ఈమె ఇంట్లో ఇద్దరూ కలిసి కూర్చుని కహ్క్ అనే పండగ బిస్కట్ల బిళ్ళలు అద్దేవారు. ఆ మేడలో ఒక కట్టడి ఉంది. పొరుగింటి నుంచి వచ్చిన పళ్ళెం ఖాళీగా తిరిగి వెళ్ళకూడదు. కనీసం నాలుగు నిమ్మకాయలైనా పెట్టి పంపాలి.

ఆ ఏడు ఉమ్ అష్రఫ్ నీలం అంచు పళ్ళెం ఒకటి తఫీదా అలమరలోనే ఉండిపోయింది. శరదృతువులో దాని నిండా బియ్యం కూరిన క్యాబేజీ చుట్టలు వచ్చాయి. ఇవాళ ఏదైనా చేసి పంపుదాం, రేపు పంపుదాం అనుకుంటూనే ఉపవాసం వచ్చేసింది. అలమర తెరిచినప్పుడల్లా ఆ పళ్ళెం కనబడేది. తఫీదా దాన్ని మిగతా గిన్నెల వెనక్కి నెట్టేసింది.

ఒక సోమవారం మధ్యాహ్నం ఆ మెట్ల మీదంతా వేయించిన చేప వాసన వచ్చింది. వెనకే తలుపు చప్పుడు. ఉమ్ అష్రఫ్ ఇంకో పళ్ళెం పట్టుకుని నిలబడి ఉంది. పళ్ళెంలో ఒక నైలు చేప, పక్కన నిమ్మచెక్క.

"పట్టుకోవే, చెయ్యి కాలుతోంది."

తఫీదాకు ముందు చేప కనిపించలేదు, పళ్ళెం కనిపించింది. లోపల ఒకటి ఉండగానే ఇది రెండోది. "ఉపవాసంలో ఉన్నాం కదక్కా," అంది.

"నాకు చెబుతున్నావా? మీ ఉపవాసాలు నీకన్నా నాకే బాగా తెలుసు. ఈ ఉపవాసంలో చేప తింటారు. బుధవారం, శుక్రవారం వద్దు. ఇవాళ సోమవారం. ఇంకేమిటి నీ నస?"

వెనక యుస్తీనా వచ్చి తల్లి భుజం పక్కనుంచి తొంగి చూస్తోంది. తఫీదా నోటికి ఏది వస్తే అది అనేసింది. "మొక్కుకున్నానక్కా. ఈ ఏడు ఇంటిల్లిపాదీ చేప కూడా ముట్టమని."

ఉమ్ అష్రఫ్ మొహం మారిపోయింది. మొక్కు అంటే అక్కడ ఎవరి దేవుడికైనా మొక్కే. చాచిన చెయ్యి మెల్లగా వెనక్కి తీసుకుంది. "అలా చెప్పవేం మరి. ఆయన స్వీకరించాలి," అని పళ్ళెంతో వెనక్కి వెళ్ళిపోయింది.

"అమ్మా, మనం ఎప్పుడు మొక్కుకున్నాం?" అంది యుస్తీనా.

"వెళ్ళి చదువుకో."

పిల్ల కదల్లేదు. ఎదుటి తలుపు మూసుకునేదాకా చూస్తూ నిలబడింది. తఫీదాకు ఆ పిల్ల మొహంలోకి చూడడానికి సిగ్గేసింది. సాయంత్రం దాకా కుండ తోముతున్న నెపంతో వంటింట్లోంచి రాలేదు.

ఉమ్ అష్రఫ్ కడుపులో మాట దాగదు, అందులోనూ మంచి మాట. నాలుగు రోజుల్లో మేడంతా తెలిసింది, ఆదివారానికి చర్చికి పాకింది. "చేప కూడా మానేశావటగా వదినా, మావల్ల అవుతుందా?" అని ఆడవాళ్ళు దగ్గరికి వచ్చి పలకరించేవాళ్ళు. పెద్దామె ఒకావిడ ముందు వరసలో జరిగి చోటిచ్చింది. తఫీదా మొదటిసారి తల దించుకుంది. రెండోసారి, "ఏదో, ఆయన దయ," అంది. మూడోసారి తనే వెళ్ళి ముందు వరసలో కూర్చుంది. ఉట్టికెక్కలేనమ్మ స్వర్గానికెక్కిందంటే ఇదే మరి. చేప కొనలేని మనిషి పుణ్యం కొనుక్కుంది, పైసా ఖర్చు లేకుండా. దాని రుచి ఆమెకు నచ్చింది కూడా. తరవాత ఆమెను ఎక్కువగా కాల్చింది ఆ రుచే, ఆడిన అబద్ధం కాదు.

పైఅంతస్తులో వెరేనా అని కొత్తగా తల్లైన పిల్ల ఉండేది. సన్నగా గాలేస్తే పడేట్టు ఉంటుంది. పాలిచ్చే తల్లివి, ఉపవాసం అక్కర్లేదని చర్చి గురువు అబూనా ముందే చెప్పాడు ఆ పిల్లకు. ఒకరోజు మెట్ల మీద తఫీదాను ఆపింది.

"పిన్నీ, నేను కూడా మీలాగే మొక్కుకుని ఉపవాసం ఉంటున్నాను. చేప కూడా లేదు. ఈ వయసులో మీరు చెయ్యగా లేంది, నాకేం వచ్చింది?"

అప్పుడే చెప్పేయవచ్చు. మెట్ల మీద ఇద్దరే ఉన్నారు. ఒక్క ముక్క చాలు. ఆ పిల్ల కళ్ళలో తన మీద ఉన్న గౌరవం చూసి, ఆ ఒక్క ముక్కా మింగేసింది. "నీ ఓపికను బట్టి చెయ్యమ్మా," అని కిందికి దిగిపోయింది.

ఆ తరవాతి వారం వెరేనా మెట్ల మీద పడిపోయింది. బంగాళాదుంపల సంచి జారి, దుంపలు ఒక్కో మెట్టూ దొర్లుకుంటూ తఫీదా గుమ్మం దాకా వచ్చాయి. బిడ్డను కాసేపు ఎత్తుకుంటానని ఉమ్ అష్రఫ్ తీసుకుని ఉండబట్టి సరిపోయింది, లేకపోతే ఆ పసిగుడ్డు ఏమయ్యేదో. అందరూ కలిసి ఆ పిల్లను పైకి మోసుకెళ్ళి పడుకోబెట్టారు. పక్కింటి డాక్టరమ్మ వచ్చి కనురెప్ప కిందికి లాగి చూసి, ఒంట్లో రక్తం లేదని, ఏం తింటున్నావని తిట్టి, మందు రాసి వెళ్ళింది. బిడ్డ ఏడుస్తోంది. కొన్నాళ్ళుగా పాలు చాలడం లేదని అప్పుడు చెప్పింది వెరేనా.

"నీకెవరు చెప్పారే ఇలా మాడమని?" అంది ఉమ్ అష్రఫ్. "మీ అబూనాయే వద్దన్నాడుగా."

"తఫీదా పిన్ని చెయ్యట్లేదా?" అంది వెరేనా, నీరసంగా. "లేచాక మళ్ళీ మొదలుపెడతాను. మధ్యలో వదిలితే మొక్కు పనికిరాదు."

ఆమె మొగుడు రఫీక్ బిడ్డను భుజాన వేసుకుని తిరుగుతున్నాడు. తఫీదా గడప దగ్గరే నిలబడి ఉంది. తన నోరు తెరుచుకోవడం తనకే తెలియలేదు.

"నాకు మొక్కూ లేదు, గిక్కూ లేదు," అంది. "చేప కొనడానికి డబ్బు లేదు. అదీబ్‌కు సగం పనే ఉంది. ఆ మాట చెప్పుకోలేక మొక్కన్నాను."

వెరేనా కాసేపు ఆమెనే చూసి మెల్లగా గోడవైపు తిరిగి పడుకుంది. రఫీక్ మంచి కుర్రాడు, గొంతు పెంచలేదు. "ఇంక మీరు వెళ్ళండి పిన్నీ," అన్నాడు. తఫీదా దుంపల మధ్యనుంచి కిందికి దిగింది. లేమి ఇంత కాలం ఆమెను కుంగదీసింది గానీ ఇంతలా సిగ్గుపరచలేదు. పనికిమాలిన తన పరువు కోసం ఒక పసిబిడ్డ పాలు ఇంకిపోయాయి. ఆ రోజు అదీబ్‌తో కూడా కళ్ళు కలపలేకపోయింది. అతనికి విషయం తెలిసి, కాఫీ డబ్బా దించి ఆమె ముందు పెట్టాడు. తఫీదా అందులోంచి కొంత తీసి, వెరేనాకు కాలేయం కొని రఫీక్ చేతికిచ్చి వచ్చింది. రఫీక్ తీసుకున్నాడు గానీ లోపలికి రమ్మనలేదు.

ఉమ్ అష్రఫ్ తలుపు మాత్రం మూసే ఉంది. ఎదురుపడినా మొహం తిప్పుకుని వెళ్ళిపోతోంది. అదొక్కటీ తఫీదా భరించలేకపోయింది.

పండగ ఇంక దగ్గరికొచ్చిందనగా, ఒక పొద్దున తఫీదా అలమరలోంచి గిన్నెల వెనక ఉన్న నీలం అంచు పళ్ళెం తీసింది. తుడిచింది. ఇంట్లో నిమ్మకాయ కూడా లేదు. ఖాళీ పళ్ళాన్నే రెండు చేతులతో పట్టుకుని ఎదుటి తలుపు తట్టింది. ఉమ్ అష్రఫ్ తలుపు తీసి పళ్ళాన్ని చూసింది, ఆమెను చూసింది.

"ఖాళీగా తెచ్చావా?"

"ఖాళీగానే తెచ్చానక్కా. పెట్టడానికేం లేదు. ఆ రోజు నీ చేప కాదన్నది కూడా ఇందుకే."

ఉమ్ అష్రఫ్ పళ్ళాన్ని అందుకుంది. "దొంగాట ఆడావే నాతో," అంది. "దేవుణ్ణి అడ్డం పెట్టి నన్ను వెనక్కి పంపించావు. రా, గుమ్మంలో నిలబడితే లోకం చూస్తుంది."

వంటింట్లోకి తీసుకెళ్ళి పీట వేసింది. తఫీదా కూర్చుని, నేల చూస్తూ అడిగింది. "ఆ చేప ఏం చేశావక్కా?"

"ఏం చేస్తాను? దేవుడి పేరు చెప్పి వద్దన్న కూడు మళ్ళీ నా ముందు పెట్టుకుని తింటానా? కింద కాపలావాడి పిల్లలకిచ్చాను." మాట ఆపి, పొయ్యివైపు తిరిగింది. "ఆ రోజు పింఛను వచ్చింది. రెండు చేపలు కొన్నాను. నాకొకటి, మీకొకటి."

అప్పుడు తఫీదా తలెత్తి చూసింది. పొయ్యి పక్కన ఒక కుండ, పాత శాలువాలో చుట్టి ఉంది. గ్యాసు ఆపేసి ఉంది. ఆ చుట్టడం ఎందుకో ఆమెకు ఎవరూ చెప్పనక్కర్లేదు. ఉమ్ అష్రఫ్ శాలువా విప్పి, నీలం అంచు పళ్ళెంలోకి ఫూల్ గింజలు వంచి, జీలకర్రపొడి చల్లి, నూనె బొట్టు వేసి ముందు పెట్టింది.

"రోజూ ఇదేనా అక్కా?" అంది తఫీదా. "మీకు ఉపవాసం లేదుగా?"

"లేదు," అంది ఉమ్ అష్రఫ్, రొట్టె రెండుగా తుంచుతూ. "మీకైతే చెప్పుకోవడానికి ఉపవాసమన్నా ఉంది."

తఫీదా మళ్ళీ తల దించుకుంది. ఆవిడ ఇచ్చిన సగం రొట్టె అందుకుని, పళ్ళెంలో ఉన్నది ఆఖరి గింజ దాకా తింది.