వెచ్చబెట్టిన మందు

ఆ రోజు నా కుడికాలు కుట్టుమిషన్ తొక్కనంది. అబిడ్స్‌లో నేను పనిచేసే టైలరింగ్ షాపులో పెళ్లివారి షేర్వాణీ ఒకటి సగంలో ఉంది. మోకాలి కింద సలుపు, సాయంత్రానికి జ్వరం. వారం కిందట సైకిల్ మీంచి పడ్డ దెబ్బేలే అనుకున్నాను. పది రోజులకు అక్కడే చర్మం పగిలి చీము కారింది.

నేనూ, నా భార్య సుభద్రా నాంపల్లిలో ఒక మేడ మీది గదిలో కిరాయికి ఉండేవాళ్లం. ఎక్స్‌రే తీసి ఆస్టియోమైలైటిస్ అన్నారు, అంటే ఎముకకు చీము పట్టడం. పెన్సిలిన్ ఇంజెక్షన్లయ్యాయి, స్ట్రెప్టోమైసిన్ అయింది, ఆపరేషన్ చేసి ఎముక గీకారు. పుండు మానినట్టే మాని మళ్లీ నోరు తెరిచేది. కాలు కదలకుండా స్ప్లింట్ కట్టి మంచాన పడేశారు. నాలుగు నెలలు ఆ గది దాటలేదు. స్టేషన్లో రైలు కూత వేస్తే, లోకమంతా ఎటో పోతోంది నేను తప్ప అని ఒళ్లు మండేది. ఆ మంట చూపించడానికి సుభద్ర తప్ప ఎవరున్నారు?

డాక్టరుగారు హైదరాబాదు మనిషే. చీములో ఏ క్రిమి ఉందో తేల్చే కల్చర్ రిపోర్టు చూసి అన్నారు: "గీ క్రిమికి పెన్సిలిన్ పనిచేస్తలేదు. ఆఖరుకు ఒకటి చూద్దాం. బాక్టీరియోఫేజ్ అంటరు. గీ క్రిమిని చంపి బతికే ఇంకా చిన్న జీవి. రెండు వారాలల్ల చీము తగ్గకుంటే మోకాలు పైకెల్లి కాలు తీసెయ్యాలె. ఫికర్ చెయ్యకున్రి."

కాలు తీసేస్తానంటూనే ఫికర్ చెయ్యొద్దనడం ఆయనకే చెల్లింది. కాలు పోతే మిషన్ పోయినట్టే. నాకు వేరే విద్య రాదు.

మందు ఆంప్యూళ్లలో, అంటే మూతి మూసేసిన చిన్న గాజు బుడ్లలో ఉండేది. మంచు నింపిన ఫ్లాస్కులో దాచి, రోజుకొకటి పుండులో పోయమని సుభద్రకు నేర్పారు. మొదటిరోజు ఆ చల్లదనం ఎముకకు తగిలి ప్రాణం జివ్వుమంది. మర్నాడు, "వేడినీళ్లలో పెట్టి తీసుకురా, నన్ను చావమంటావా" అని అరిచాను.

"మంచులో పెట్టమన్నారు కదండీ" అంది.

"అది దాచడానికి. పోసేటప్పుడు కాదు."

అప్పటినుంచి ఆమె రోజూ ఆంప్యూల్‌ను మరిగే నీళ్లలో ఉంచి, గోరువెచ్చగా చల్లార్చి పోసేది. హాయిగా ఉండేది. చీము మాత్రం తగ్గలేదు.

పన్నెండో రోజు డాక్టరుగారు ఇంటికొచ్చారు. స్టవ్ మీద గిన్నెలో ఆంప్యూల్ చూసి నిలబడిపోయారు.

"గిదేందమ్మా? అది ప్రాణమున్న మందు. ఉడకబెడితే చస్తది. ఇన్ని దినాలు ఉత్త నీళ్లు పోసినవ్. ఆయన కాలు పోతే ఎవరు జిమ్మేదార్?"

సుభద్ర తల వంచుకుంది. నావైపు చూడనైనా లేదు. నేను ముఖం గోడవైపు తిప్పుకున్నాను.

ఇంకో రెండు వారాలు గడువిచ్చారు. ఈసారి చల్లగానే పోసింది, నేను పళ్లు బిగించుకున్నాను. ఆరోరోజు కట్టు విప్పితే పొడిగా ఉంది. మధ్యలో ఒకసారి మళ్లీ చీము వచ్చి భయపెట్టింది, నెలన్నరకు పుండు మూసుకుంది. ఆ ఫేజ్ మందు వల్లేనా అని అడిగితే, "పక్కాగ చెప్పలేను" అన్నారు డాక్టరుగారు.

ఇప్పుడు కాస్త కుంటుతాను, మిషన్ మాత్రం తొక్కుతున్నాను. నాలాంటి రోగులకు చెప్పేది ఒక్కటే. ఇంట్లో మందు ఎలా వాడుతున్నారో, అందులో మీ సొంత తెలివి ఎంత కలిపారో డాక్టరుకు దాచకుండా చెప్పండి. వెచ్చబెట్టమన్నది నేనని సుభద్ర ఆ రోజు చెప్పలేదు. నేనూ చెప్పలేదు. ఆ డాక్టరుగారు ఇప్పుడు లేరు.

ఇది రాసి సుభద్రకు చదివి వినిపించాను. "కాలు బాగయింది కదా, ఇప్పుడివన్నీ ఎందుకండీ" అంది. కొట్టెయ్యమని మాత్రం అనలేదు.