బ్రేకుల మేస్త్రీ

కొండ కింది షెడ్డులో బ్రేకులు చూసే మేస్త్రీ, జాకీ మీద లేపిన చక్రాన్ని చేత్తో తిప్పి, కళ్లు మూసుకుని చెవి ఒగ్గుతాడు. బ్రేకు ప్యాడ్లు ఎంత అరిగాయో ఆ గరగరలోనే పట్టేస్తాడు. ఒకరోజు కొండ మీది ఆసుపత్రి నర్సు తన కారులో చిరాగ్గా వచ్చింది. "బాబాయ్, అందరికీ మూడేళ్లొచ్చే ప్యాడ్లు నాకు ఎనిమిది నెలలకే అయిపోయాయి. నాసిరకం వేశావా?" ఆయన నొచ్చుకోలేదు. కొత్తవి బిగించి, పక్క సీట్లో కూర్చుని, "ఒక్కసారి కొండెక్కి దిగుదాం పదమ్మా" అన్నాడు. దిగినంతసేపూ ఆమె పాదం బ్రేకు మీదే ఉంది. "వాలు చూస్తే భయం బాబాయ్" అంది చిన్నగా. "భయం తప్పేం కాదు. రెండో గేరులో దిగు, బండిని ఇంజనే పట్టుకుంటుంది. బ్రేకును అవసరానికి దాచుకో." చెప్పి ఊరుకోలేదు. వారం రోజులు, ఆమె డ్యూటీ ముగిసే వేళకు పైకి వెళ్లి, పక్కన కూర్చుని కిందికి దిగాడు. నెల తిరక్కుండానే, ఆమె ఒక్కతే కొండ దిగుతుంటే, మలుపు దగ్గర ఒక ముసలాయన చేతికర్రతో హఠాత్తుగా రోడ్డు మీదికొచ్చాడు. కారు ఆయనకు జానెడు దూరంలో ఆగింది. నర్సు నేరుగా షెడ్డుకొచ్చి, గ్రీజు అంటిన మేస్త్రీ చేతులు రెండూ పట్టేసుకుంది. "ఆగింది బాబాయ్" అంది. జరిగిందంతా విని మేస్త్రీ, "ఆపింది నువ్వేనమ్మా" అన్నాడు.