ఉగ్గాని తిన్న చేతులు

ఎమ్మిగనూరులో నా కళ్లజోళ్ల అంగడికి ఎదురుగా పొద్దున్నే ఉగ్గాని బండి పెడతారు. తడిపిన బొరుగులు తాలింపులో పడిన వాసన రాగానే నా నోట్లో నీళ్లూరతాయి. చెయ్యి మాత్రం సబ్బు కోసం వెతుకుతుంది. ఆ అలవాటు నాకు అంటించింది ఆదోనిలో పని నేర్పిన ఖాజా అన్న.

కంటి పరీక్షల కోర్సు ముగించి నేను ఆయన అంగడిలో చేరాను. అన్న రోజూ పెళ్లికి బయలుదేరినట్టే ఉండేవాడు. నున్నగా గీసిన గడ్డం, కత్తిరించిన గోళ్లు, ఇస్త్రీ చొక్కా. ఎండాకాలంలో మధ్యాహ్నానికి ఇంకో చొక్కా మార్చేవాడు. కళ్లు చూసే పనికి ఇంత సోకెందుకని నేను లోలోపల నవ్వుకునేవాణ్ని. నెల రోజులు చూసి, ఉంచుకునేదీ లేనిదీ చెబుతానన్నాడు. గోనెగండ్లలో మా నాన్న అప్పటికే మావాడు కళ్ల డాక్టరని ఊరంతా చాటేశాడు. ఉద్యోగం పోతే ఏ ముఖం పెట్టుకుని ఊరికి పోవాలి?

నెల గడువు దగ్గరపడింది. నేను అద్దాలు మార్చడానికి వంగితే చాలు, ఎదుటివాళ్లు ముఖం పక్కకు తిప్పేవాళ్లు. అక్షరాలు తప్పు చెప్పేవాళ్లు. వీళ్లకు చదువు రాదని అన్నకు తేల్చి చెప్పేశాను. ఒకరోజు మద్దికెర నుంచి ఒక పెద్దామె వచ్చింది. రెప్ప ఎత్తి చూశానో లేదో, కన్ను మండుతోందని లేచి నిలబడింది. బుగ్గల మీద నీళ్లు ధార కట్టాయి. అన్న పరుగున వచ్చి కన్ను కడిగించి, సముదాయించి, పరీక్ష తానే చేసి పంపాడు. దాంతో నా పని అయిపోయిందనే అనుకున్నాను.

మర్నాడు పొద్దున అన్న ఉగ్గాని, మిరపకాయ బజ్జీ తెప్పించాడు. పచ్చి ఉల్లిపాయ కొరుకుతూ, బజ్జీలోని మిరపకాయను వేళ్లతో చీల్చి మరీ తిన్నాడు. అచ్చం నేను రోజూ తినే పద్ధతే. చెయ్యి కాగితానికి తుడుచుకుని, నన్ను పేషెంటు కుర్చీలో కూర్చోబెట్టి, ముఖం మీదికి వంగాడు.

"కింది వరస సదువప్పా."

నేను ఊపిరి బిగబట్టాను. ఆ వేలు కంటివైపు వస్తుంటే కళ్లు గట్టిగా మూసుకున్నాను.

"ఏమప్పా, నీకూ సదువు రాదా?"

నవ్వు, సిగ్గు రెండూ ఒక్కసారే వచ్చాయి. అన్న కూడా నవ్వి, చేతులు సబ్బుతో కడుక్కుని వచ్చి పక్కన కూర్చున్నాడు.

"మనల్ని నమ్మి మొగం అప్పజెప్తారప్పా. వాసనొస్తాందని ఎవురూ మొగానే సెప్పరు. మనమే సూసుకోవాల. రేపు గోర్లు కత్తిరించుకోని రా."

ఆ 'రేపు' అన్న మాట విన్నాక గానీ నా గుండె కుదుటపడలేదు.

మొన్న అన్నే నా అంగడికి వచ్చి పేషెంటు కుర్చీలో కూర్చున్నాడు. ఆయన ఎదుటే చేతులు కడుక్కుని అద్దాలు పెట్టాను. అన్నిటికన్నా పెద్ద అక్షరం కూడా ఆయనకు అందలేదు. రెండు కళ్లలోనూ శుక్లాలు ముదిరిపోయాయి. ఆపరేషన్‌తో చూపు వస్తుందని తెలిసినా నాకు దుఃఖం ఆగలేదు. ఏమైనా కనపడుతోందా అన్నా అని అడిగాను. ఆయన నా చెయ్యి పట్టుకుని ముక్కు దగ్గరికి తెచ్చుకున్నాడు.

"ఏమీ కనపడ్లేదప్పా. సబ్బు వాసన మాత్రం వస్తాంది. ఆపరేషన్ అయినాక సదువుతాలే, ముందు ఆ ఉగ్గాని తెప్పియ్యి."

తెప్పించాను. ఇద్దరం ఉల్లిపాయలు కొరుక్కుంటూ కడుపునిండా తిన్నాం. తర్వాత ఆయన్ని కుళాయి దగ్గరికి నడిపించుకుపోయి, సబ్బు రుద్ది ఆయన చేతులు నేనే కడిగాను.