కండక్టర్ దేవదానం పెరడు

కండక్టర్ దేవదానం చేయెత్తిన మనిషిని వదిలేసి పోయినవాడు కాదు. ఎమ్మిగనూరు నుంచి మంత్రాలయం పోయే బస్సులో గురువారం పూట కాలు పెట్టే చోటుండేది కాదు. అయినా దారిలో కనిపించిన ప్రతి ముసలమ్మకూ బండి ఆపించేవాడు. "సర్దుకోండప్పా, సర్దుకోండి! ఇంగా శానా జాగా ఉండాది" అని వెనక నుంచి ఒకటే కేక. రిటైరయ్యాక మొట్టమొదటిసారి తోట వేశాడు. ఆ తోటా అంతే.

నాలుగు మంచాలు వేస్తే నిండిపోయే పెరడు అది. అందులో వంగ, టమాటా, బెండ, కాకర, వీటన్నిటి మధ్య బంతి. ఉన్న గింజలన్నీ చల్లాడు, చల్లినవన్నీ మొలిచాయి. కాకర తీగ టమాటా మెడకు చుట్టుకుంది. పక్కిల్లే మాది. గోడ మీదుగా చూసి, "మామా, ఇది తోటనా, తిరునాళ్ల బస్సా?" అంటే పకపకా నవ్వేవాడు.

బంతి మాటెత్తితే మాత్రం నవ్వేవాడు కాదు. ఆ విత్తనం ఆయన భార్య జ్ఞానమణిది. నిండు ఎరుపు, చుట్టూ సన్నటి పసుపు అంచు. ఆ రకం మా ఊళ్లో ఇంకెవరింట్లోనూ లేదు. వాకిట్లో కుండీల్లో పెంచేది, ఎవరడిగినా గింజ ఇచ్చేది కాదు. మొన్న వేసవిలో ఆమె చనిపోయింది. నవంబరులో వచ్చే సమాధుల పండుగకు ఆమె సమాధి మొత్తం ఆ పూలతోనే కప్పాలని దేవదానం పట్టుదల.

మొలకలు జానెడు ఎత్తయ్యాక చిన్న ఈరన్న వచ్చి చూశాడు. ఇరవై ఏళ్లు దేవదానం బస్సుకు డ్రైవరు, ఊరి బయట రెండెకరాల చేను ఉన్నవాడు.

"ఏందన్నా ఇది! ఇట్ల ఒత్తుగా ఉంటే ఒక్క పువ్వూ పూయదు. సగం పీకాల."

"బతికేదాన్ని ఎట్ల పీకేదప్పా? నా చేత కాదు."

"నువ్వు అట్ల తిరుక్కో. నేను పీకి పారేస్తా."

దేవదానం నిజంగానే గోడవైపు తిరిగి నిలబడ్డాడు, పిచ్చి మారాజు! ఈరన్న గంపెడు బంతి నారు పీక్కుని పోయాడు.

ఆ తర్వాత చూడాలి మామ సేవ! మొక్క మొక్కకూ చెంబుతో నీళ్లు. ఏం లాభం? మిగిలినవన్నీ పీలగా సాగి ఒరిగిపోయాయి. పండుగ ముందు రోజుకు దోసెడు పూలు దక్కాయి. ఉసూరుమంటూ పూలు కొనడానికి బస్టాండుకు బయల్దేరాడు, నన్నూ తోడు రమ్మన్నాడు.

అక్కడ పూలమ్మే ఆమె గంపలో జ్ఞానమణి బంతులున్నాయి. అదే ఎరుపు, అదే పసుపు అంచు, ఒక్కొక్కటి పిడికిలంత.

"ఇవి యాడివమ్మా?" మామ గంపలోంచి ఒక పువ్వు చేతిలోకి తీసుకున్నాడు.

"డ్రైవర్ ఈరన్న చేనువి. శానా బాగ పూసినాయి ఈసారి."

నాకు ఒళ్లు మండిపోయింది. తిన్నింటి వాసాలు లెక్కపెట్టడమంటే ఇదే! జ్ఞానమణి కాల్చిన జొన్నరొట్టెలు ఎన్ని తిన్నాడో వాడు. మామ మాత్రం నేరుగా ఈరన్న చేను దాకా నడిచాడు. అక్కడ సాళ్లు సాళ్లుగా బంతి విరగబూసి ఉంది.

ఈరన్న తడబడ్డాడు. "పారేసేవే కదన్నా, తెచ్చి నాటుకుంటి."

"బలంగా ఉండేవే ఏరి పీకినావు."

"పీలవి నాటితే యాడ బతుకుతాయి? నువ్వే అట్ల తిరుక్కుంటివి..." అంటూనే గబగబా గంప నింపాడు. "కోపం పెట్టుకోవద్దన్నా. వదినకే కదా, ఊరికే తీసుకోపో."

దేవదానం గంప అందుకోలేదు. "ఇరవై ఏండ్లు నీ వెనక నిలబడితి ఈరన్నా. ఒక్కరోజన్నా ముందుకొచ్చి దోవ సూసినానా? బండి నిండా జనాన్ని పెట్టుకోని, నువ్వుండావు కదాని రైట్ రైట్ అంటి."

ఈరన్న గంపతో ఇంకో అడుగు ముందుకు వేశాడు.

"హోల్డాన్" అన్నాడు దేవదానం. బస్సు ఆపించే మాటే, కాకపోతే ఈసారి కేక లేదు. "నేను ఈడ దిగిపోతాండా."

మర్నాడు జ్ఞానమణి సమాధి మీద ఆ దోసెడు బంతిపూలే పేర్చాడు. చాలక బెండపూలు, వంగపూలు కూడా కోసుకొచ్చి పెట్టాడు. అయినా ఇంకా చాలా జాగా మిగిలిపోయింది.